సౌర తుఫాను వస్తే ఉపగ్రహం ఎంత కిందికి జారిందో మీరే లెక్కకట్టండి

2024 మే 10, 11 తేదీల సౌర తుఫాను అనగానే చాలామందికి గుర్తొచ్చేది లడఖ్‌లోని హాన్లే ఆకాశం మీద కనిపించిన ఎర్రటి వెలుగు. ఆ ఫొటోలు అందరూ చూశారు, పంచుకున్నారు. అదే సమయంలో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఉపగ్రహాలకు ఏం జరిగిందన్నది మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడుకోలేదు. ఇస్రో తర్వాత చెప్పిన లెక్క ప్రకారం, 430 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతున్న ఈఓఎస్-07 అప్పటికే రోజుకు సుమారు 300 మీటర్లు కిందికి దిగుతోంది, మే 11న ఒక్కరోజే 600 మీటర్లు దిగింది. మామూలుగా రోజుకు 35–40 మీటర్లు మాత్రమే దిగే కార్టోశాట్-2ఎఫ్ ఆ రోజు 180 మీటర్లు దిగింది.

ఇలాంటి లెక్క కట్టడానికి ఇస్రోలో ఉద్యోగమేమీ అక్కర్లేదు. కావాల్సిన డేటా అంతా ఉచితంగా దొరుకుతుంది, ఒక ఎక్సెల్ షీటు ఉండి, ఇంటర్‌లో చదివిన లెక్కలు కాస్త గుర్తుంటే చాలు, ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నారంటే ఉపగ్రహం ఏ రోజు ఎంత దిగిందో చూపే గ్రాఫు మీ కంప్యూటర్లోనే తయారవుతుంది. కాలేజీలో చిన్న ఉపగ్రహాల ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు, సాయంత్రం డాబా ఎక్కి అంతరిక్ష కేంద్రం కోసం చూసేవాళ్లు, హామ్ రేడియోతో ఉపగ్రహాల సిగ్నల్ పట్టేవాళ్లు, పిల్లలకు ఫిజిక్స్ చెప్పే మాస్టార్లు, వీళ్లందరికీ పనికొస్తుందనే రాస్తున్నాను. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: తుఫాను ఎంత పెద్దదో వార్తల హెడ్డింగులను కాదు, ఉపగ్రహాన్నే అడగాలి. దాని మామూలు రోజు పక్కన తుఫాను రోజును పెట్టి చూడండి, మిగతాదంతా అదే చెబుతుంది.

ముందు అసలు సంగతి

గాలి 100 కిలోమీటర్ల దగ్గర అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అయిపోదు, బాగా పలచబడుతుంది అంతే. 400 కిలోమీటర్ల ఎత్తులో ఘనమీటరుకు గ్రాములో వందకోట్ల వంతులు ఏ కొన్నో ఉంటుంది, అది కూడా ఎక్కువగా విడివిడి ఆక్సిజన్ పరమాణువులే. అంత పలచటి గాలి ఏం చేస్తుందిలే అనిపిస్తుంది కానీ, ఉపగ్రహం సెకనుకు 7.67 కిలోమీటర్ల వేగంతో దాంట్లోంచి దూసుకుపోతోంది, రోజుకు పదిహేనుసార్లకు పైగా భూమిని చుట్టేస్తోంది. ఆ ఒరిపిడి ప్రతి చుట్టులోనూ కొంచెం కొంచెంగా శక్తిని తినేస్తుంది. దీన్నే డ్రాగ్ అంటారు.

ఇప్పుడు సూర్యుడి సంగతి. సూర్యుడి నుంచి వచ్చే తీవ్ర అతినీలలోహిత కిరణాలు నేలదాకా రావు, పైనున్న ఈ పలచటి పొర, అంటే థర్మోస్ఫియర్, వాటిని పీల్చేసుకుని వేడెక్కుతుంది. వేడెక్కితే పొయ్యి మీద పాలు పొంగినట్టు పైకి లేస్తుంది. కింద ఉండాల్సిన చిక్కటి గాలి ఉపగ్రహం తిరిగే ఎత్తుకు వచ్చేస్తుంది. ఉపగ్రహం ఎక్కడికీ పోలేదు, గాలే దాని దగ్గరికి వచ్చింది. సూర్యుడు మందకొడిగా ఉన్న ఏళ్లకూ ఉరకలేస్తున్న ఏళ్లకూ మధ్య 400 కిలోమీటర్ల దగ్గర గాలి సాంద్రత దాదాపు పది రెట్లు మారుతుంది.

ఇది నెలలు, ఏళ్ల మీద నడిచే వ్యవహారం. రెండో దారి గంటల్లో జరిగేది. సూర్యుడి నుంచి విడిపోయి వచ్చిన ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వేడి వాయువు) ముద్ద, కరోనల్ మాస్ ఇజెక్షన్ అనేది, ఒకటి నుంచి మూడు రోజుల్లో ఇక్కడికి చేరి భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేస్తే ధ్రువాల దగ్గర పై వాతావరణంలో భారీ విద్యుత్ ప్రవాహాలు పుడతాయి, అక్కడ గాలి కాగుతుంది, ఆ వేడి అలలాగా కొన్ని గంటల్లోనే భూమధ్యరేఖ దాకా పాకేస్తుంది. అందుకే మన నెత్తిమీదుగా వెళ్లే ఉపగ్రహానికి కూడా ఆ దెబ్బ తగులుతుంది.

టీవీల్లో ఎక్కువగా చెప్పేది సోలార్ ఫ్లేర్ గురించి, అంటే ఆ మెరుపు గురించి. దాని వెలుగు 8 నిమిషాల్లో వచ్చేస్తుంది, రేడియో సంకేతాలను చెడగొడుతుంది, గాలిని కాసేపు వేడెక్కిస్తుంది కూడా. అయితే కక్ష్యను గట్టిగా లాగేది దాని వెనకాల వచ్చే ప్లాస్మా ముద్దే, అది కూడా మన వైపు వస్తేనే. ఈ రెండూ కలిపి మాట్లాడేవాళ్ల మాట నమ్మకండి.

మొదటి పని: సరైన ఉపగ్రహాన్ని ఎంచుకోవడం

ఇక్కడ తప్పితే తర్వాత చేసిందంతా వృథా. 350 నుంచి 550 కిలోమీటర్ల మధ్య, దాదాపు గుండ్రటి కక్ష్యలో ఉన్నది తీసుకోండి. ఇంకా కిందున్నవి త్వరగా పడిపోతాయి, పోల్చుకోవడానికి మామూలు రోజులు దొరకవు. 800 దాటితే రోజువారీ మార్పు డేటాలోని గజిబిజిలో కలిసిపోతుంది. టీవీ చానళ్లు మోసే జీశాట్ లాంటివి 36,000 కిలోమీటర్ల దగ్గర ఉంటాయి, వాటికి గాలి ఒరిపిడే లేదు, తుఫానులో వాటి కష్టాలు వేరే రకం.

ఇంకో షరతు, ఇంజిన్ లేనిది అయితే మంచిది. అంతరిక్ష కేంద్రాన్ని చూడాలని అందరికీ ఉంటుంది, కానీ దాన్ని మధ్యమధ్యలో ఇంజిన్లు మండించి పైకి నెడుతుంటారు, స్పేస్‌ఎక్స్ వాళ్ల ఇంటర్నెట్ ఉపగ్రహాలు స్టార్‌లింక్‌లు అయితే వాటంతట అవే ఎత్తు సరిచేసుకుంటాయి. మే 2024 తుఫాను వెంటనే వేలకొద్దీ స్టార్‌లింక్‌లు అలా పైకి ఎక్కాయి. అలాంటివాటిలో మీకు కనిపించేది సూర్యుడి పనా, కంట్రోల్ రూమ్ పనా అన్నది తేల్చడం కష్టం. పనైపోయి వదిలేసిన రాకెట్ దశలు, ఇంజిన్ లేని క్యూబ్‌శాట్లు అనే చిన్న డబ్బా ఉపగ్రహాలు, గోళాకారంలో ఉన్న పాత ఉపగ్రహాలు మంచి సాక్షులు. ఒకటి కాదు, మూడు తీసుకోండి. ఎందుకో కింద చెబుతాను.

రెండో పని: కక్ష్య డేటా దించుకోవడం

ఉపగ్రహాల కక్ష్యలను అమెరికా అంతరిక్ష దళం రాడార్లతో నిరంతరం కొలిచి బయటపెడుతుంది. ఇవాళ్టి డేటా కావాలంటే సెలెస్‌ట్రాక్ సైట్లో అకౌంట్ లేకుండానే దొరుకుతుంది. పాత తేదీలది, అంటే మే 2024ది కావాలంటే స్పేస్-ట్రాక్‌లో ఉచితంగా అకౌంట్ తెరవాలి, అక్కడ పేరుతో వెతికి ఆ ఉపగ్రహం చరిత్ర మొత్తం దించుకోవచ్చు. తుఫానుకు ముందు కనీసం రెండు వారాలు, తర్వాత ఒక వారం తీసుకోండి.

డేటా వచ్చే పాత పద్ధతిని టీఎల్ఈ అంటారు, రెండు వరుసల అంకెలు. మొదటిసారి చూస్తే బెదురు పుట్టేలా ఉంటుంది గానీ మీకు కావాల్సినవి రెండే. మొదటి వరుసలో 19వ అక్షరం నుంచి 32వ అక్షరం దాకా ఉన్నది సమయం. ఉదాహరణకు 24132.50000000 అని ఉంటే, 24 అంటే 2024, 132 అంటే ఆ ఏడాదిలో 132వ రోజు, అంటే మే 11, .5 అంటే సగం రోజు గడిచింది, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మధ్యాహ్నం 12, మనకు సాయంత్రం 5:30. రెండో వరుసలో 53 నుంచి 63వ అక్షరం దాకా ఉన్నది సగటు చలనం, అంటే రోజుకు ఎన్ని చుట్లు తిరుగుతోంది అన్నది. వరుసలు లెక్కపెట్టుకునే ఓపిక లేకపోతే ఎక్సెల్‌లో నేరుగా తెరుచుకునే సీఎస్‌వీ రూపంలో దించుకోండి, మీన్ మోషన్ అనే కాలమ్ విడిగా వస్తుంది. టీఎల్ఈలో ఒక్కో ఉపగ్రహానికి ఇచ్చే ఐదంకెల కేటలాగ్ నంబర్లు కూడా అయిపోవస్తున్నాయి కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లు ఆ పద్ధతికే అలవాటు పడటం మేలు.

మూడో పని: చుట్ల సంఖ్యను ఎత్తుగా మార్చడం

కెప్లర్ సూత్రమే, కొత్తదేమీ లేదు. దాన్ని భూమికి సరిపడా సర్దితే ఇలా వస్తుంది: 42241.1ని సగటు చలనానికి 2/3 ఘాతం కట్టి దాంతో భాగించండి, వచ్చేది భూమి కేంద్రం నుంచి కిలోమీటర్లలో దూరం. అందులోంచి 6378.1 తీసేస్తే ఎత్తు.

రోజుకు 15.5 చుట్లు తిరిగేది తీసుకుందాం. 15.5కు 2/3 ఘాతం 6.2166. 42241.1 ÷ 6.2166 = 6794.9. అందులోంచి 6378.1 పోతే సుమారు 417 కిలోమీటర్లు. అంతరిక్ష కేంద్రం తిరిగేది ఈ చుట్టుపక్కల ఎత్తులోనే.

ఇక్కడ ఒక విషయం బాగా పట్టించుకోండి. 400–500 కిలోమీటర్ల దగ్గర సగటు చలనంలో 0.0001 పెరిగిందంటే ఎత్తు సుమారు 30 మీటర్లు తగ్గిందన్నమాట. ఈ ఒక్క అంకె గుర్తుంటే ఎక్సెల్ తెరవకుండానే టీఎల్ఈ చూసి చెప్పేయొచ్చు. నిన్న 15.20000000, ఇవాళ 15.20060000 ఉందనుకోండి, ఉదాహరణ కోసం గుండ్రటి అంకెలు తీసుకున్నాను, దశాంశం తర్వాత నాలుగో స్థానంలో ఆరు పెరిగింది, ఆరు ముప్పైలు నూట ఎనభై. 180 మీటర్లు. కార్టోశాట్-2ఎఫ్ ఆ మే 11న దిగినంత. ఈఓఎస్-07 దిగిన 600 మీటర్లకు ఇదే లెక్కన 0.0020 పెరగాలి. మామూలు రోజున కార్టోశాట్ లాంటిదానికి అంకె 0.0001 కన్నా కొంచెమే ఎక్కువ కదులుతుంది. అన్ని అంకెల మధ్య ఇంత చిన్న కదలికను మీ కళ్లతో పట్టుకున్నప్పుడు కలిగే సంతోషం వేరు, పిల్లలతో చేయించి చూడండి.

గాలి అడ్డుపడుతోంటే చుట్లు తగ్గాలి కదా, పెరుగుతున్నాయేంటి అని మీకు అనుమానం రావాలి. రాకపోతే ఇంకోసారి ఆలోచించండి. గాలి శక్తిని లాక్కుంటుంది, శక్తి తగ్గితే కక్ష్య చిన్నదవుతుంది, చిన్న కక్ష్యలో భూమి లాగుడు ఎక్కువ కాబట్టి వేగం పెరుగుతుంది. బ్రేక్ పడితే వేగం పెరిగే వింత అంతరిక్షంలో నిజం. కాబట్టి సగటు చలనం పెరుగుతుంటే దిగుతోందని, ఉన్నట్టుండి తగ్గితే ఎవరో ఇంజిన్ మండించారని అర్థం.

నాలుగో పని: రోజుకు ఎంత దిగిందో కట్టడం

ఒక కాలమ్‌లో సమయం, పక్కన ఎత్తు, ఆ పక్కన తేడా. తేడాను రోజుల సంఖ్యతో భాగించండి, రోజుకు ఎన్ని మీటర్లో వస్తుంది. ఒకే రోజులో మూడు నాలుగు టీఎల్ఈలు వస్తాయి, గంట రెండు గంటల తేడా ఉన్నవి పోల్చకండి, కొలతలోని చిన్న తప్పే పెద్ద పతనంలా కనబడి అనవసరంగా టెన్షన్ పెడుతుంది. ఒక రోజు ఎడం ఉన్నవే తీసుకోండి.

మీకొచ్చిన ఎత్తు ఉపగ్రహం కింద నేల నుంచి కచ్చితంగా అంతే అనుకోవద్దు కూడా. భూమి ధ్రువాల దగ్గర అణిగి ఉంది, భూమధ్యరేఖకూ ధ్రువానికీ వ్యాసార్థంలో 21 కిలోమీటర్ల తేడా ఉంది. పైగా టీఎల్ఈలో ఉండేవి సగటు విలువలు. మనకు కావాల్సింది తేడా కాబట్టి అదేం ఇబ్బంది కాదు.

తుఫానుకు ముందు పది రోజుల సగటు తీయండి. అదే ఆ ఉపగ్రహం మామూలు రోజు. తుఫాను రోజు అంకెను దాంతో భాగించండి. ఈ భాగహారంలోనే అందం ఉంది. ఉపగ్రహం బరువెంత, సౌర పలకల వైశాల్యమెంత, డ్రాగ్ గుణకమెంత అన్నవన్నీ పైనా కిందా ఒకటే కాబట్టి కొట్టుకుపోతాయి, మిగిలేది గాలి సాంద్రత ఎన్ని రెట్లు పెరిగిందన్నది మాత్రమే. వాతావరణ నమూనాలేమీ లేకుండా, 430 కిలోమీటర్ల పైన గాలి చిక్కదనాన్ని మీ గదిలో కూర్చుని కొలిచారు. 1950ల చివర్లో ల్యుగీ యాకియా లాంటి శాస్త్రవేత్తలు చేసింది సారాంశంలో ఇదే, తొలి ఉపగ్రహాల కక్ష్యలు ఎలా కుంగుతున్నాయో చూసి పై గాలి సూర్యుడి మాట వింటోందని పట్టేశారు.

ఇస్రో అంకెలకే ఇది వేసి చూడండి. ఈఓఎస్-07కు 600 ÷ 300, రెండు రెట్లు. 505 కిలోమీటర్ల కక్ష్యకు పంపిన కార్టోశాట్-2ఎఫ్‌కు 180 ÷ 40, నాలుగున్నర రెట్లు. మీటర్లలో ఎక్కువ నష్టపోయింది కిందున్నది, రెట్లలో ఎక్కువ దెబ్బ తిన్నది పైనున్నది. గాలి పొంగినప్పుడు ఎంత పైకి వెళితే సాంద్రత అంత ఎక్కువ రెట్లు మారుతుంది, ఎందుకంటే అక్కడ మామూలుగా ఉండేదే అతి తక్కువ. పై కక్ష్యలో ఉన్నాం, మనకేం కాదులే అనుకునే ప్రాజెక్టు బృందాలు ఈ రెండు భాగహారాలను గోడ మీద రాసుకోవాలి.

ఐదో పని: సూర్యుడి కాలమ్‌లు చేర్చడం

రెండు అంకెలు చాలు. ఒకటి ఎఫ్10.7. సూర్యుడి నుంచి 10.7 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో వచ్చే రేడియో శక్తి ఇది. కెనడాలోని పెంటిక్టన్ దగ్గరున్న రేడియో అబ్జర్వేటరీలో రోజూ కొలుస్తారు, ఆ దేశంలో ఈ కొలతలు 1947 నుంచి నడుస్తున్నాయి. గాలిని వేడెక్కించేది ఈ రేడియో తరంగాలు కాదు, అతినీలలోహిత కిరణాలు, కానీ అవి నేలకు చేరవు కాబట్టి ఇక్కడి నుంచి కొలవలేం, రేడియో తరంగాలు మబ్బుల్లోంచి కూడా వచ్చేస్తాయి, రెండూ దాదాపు కలిసి పెరిగి కలిసి తగ్గుతాయి. సూర్యుడు నిద్రలో ఉంటే ఈ అంకె 70 దగ్గర, ఉరకలేస్తుంటే 200 పైన ఉంటుంది.

డౌన్‌లోడ్ చేసేటప్పుడు రెండు రకాలు కనబడతాయి, అబ్జర్వ్డ్, అడ్జస్టెడ్. అబ్జర్వ్డ్ తీసుకోండి. రెండోది భూమి, సూర్యుడి మధ్య దూరం ఏడాదంతా ఒకటే అయితే ఎంత ఉండేదో చెప్పేది, సూర్యుణ్ని చదివేవాళ్లకు పనికొస్తుంది. మన గాలికి నిజంగా తగిలేది మొదటిదే. ఇంకో చిన్న మెలిక, ప్రధాన కొలత తీసేది యూటీసీ 20 గంటలకు, మనకు అప్పటికే తెల్లవారితే వచ్చే తేదీ, రాత్రి ఒకటిన్నర. కాబట్టి షీటు మొత్తం యూటీసీలోనే ఉంచండి, ఒక రోజు అటూ ఇటూ అయితే గ్రాఫు మొత్తం అబద్ధం చెబుతుంది.

రెండో అంకె కేపీ. భూమి అయస్కాంత క్షేత్రం ఎంత కల్లోలంగా ఉందో 0 నుంచి 9 వరకు చెప్పే సూచిక, మూడు గంటలకొకటి చొప్పున రోజుకు ఎనిమిది. జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఉన్న జీఎఫ్‌జెడ్ సంస్థ దీన్ని ఇస్తుంది. అమెరికా వాళ్ల నోవా సంస్థ చెప్పే జీ1, జీ2 లాంటి హెచ్చరికలకు ఆధారం ఇదే, కేపీ 5 అయితే జీ1, 9కి చేరితే జీ5. మే 2024లో 9కి చేరింది, అంతటి తుఫాను 2003 అక్టోబరు తర్వాత అదే.

ఆరో పని: పక్కపక్కన పెట్టి చదవడం

మూడు గీతలు ఒకే గ్రాఫులో వేయండి: రోజుకు దిగిన మీటర్లు, ఎఫ్10.7, ఆ రోజు గరిష్ఠ కేపీ. మూడు నెలల డేటా వేస్తే ఎఫ్10.7 సుమారు 27 రోజులకోసారి ఎగసి తగ్గడం కనబడుతుంది, సూర్యుడు తన చుట్టూ తాను తిరిగి అదే మచ్చల గుంపును మళ్లీ మన వైపు తిప్పుతాడు కాబట్టి. మీ ఉపగ్రహం దిగుడు కూడా అదే లయలో, ఓ రోజు ఆలస్యంగా ఊగుతుంది. ఆ మెల్లటి ఊపు మీద కేపీ పెరిగిన రోజుల్లో పొడుచుకొచ్చిన కొమ్ములు కనబడతాయి.

కొమ్ము తర్వాత రెండు మూడు రోజులు జాగ్రత్తగా చూడండి. కొన్ని పెద్ద తుఫానుల తర్వాత దిగుడు మామూలు స్థాయికి రావడమే కాదు, దానికన్నా కిందికి పోతుంది. తుఫానులో పుట్టిన నైట్రిక్ ఆక్సైడ్ వేడిని పరారుణ కిరణాల రూపంలో బయటికి చిమ్మేసి గాలిని మామూలు కన్నా చల్లబరుస్తుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, చాలామంది గ్రాఫును కొమ్ము దగ్గరే కత్తిరించేసి దీన్ని పోగొట్టుకుంటారు.

చిన్న తుఫానులను తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికి 2022 ఫిబ్రవరి చాలు. ఆ నెల 3న స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్‌లను పంపింది, అవి భూమికి అతి దగ్గరికి వచ్చే చోట ఎత్తు 210 కిలోమీటర్లు. వచ్చింది ఓ మోస్తరు తుఫానే, మే 2024తో పోల్చదగ్గదే కాదు. అయినా ఆ ఎత్తులో డ్రాగ్ అంతకుముందు ప్రయోగాల కన్నా 50 శాతం దాకా పెరిగింది, అంచును గాలికి ఎదురుగా తిప్పి కాపాడుకోవాలని చూసినా 40 దాకా పైకి లేవలేక పడిపోతాయని ఆ సంస్థే ప్రకటించింది. కేపీ ఎంత అన్నది సగం ప్రశ్నే, మీ ఉపగ్రహం ఏ ఎత్తులో ఉంది అన్నది మిగతా సగం.

ఏళ్ల తరబడి ఒత్తిడి చేసే పనికి ఉదాహరణగా స్కైలాబ్ ఉంది. 1973లో పైకి వెళ్లిన అమెరికా అంతరిక్ష కేంద్రం అది. 1970ల చివర్లో సూర్యుడు అంచనా వేసినదాని కన్నా ఎక్కువ చురుకెక్కడంతో గాలి పొంగి, దాన్ని పైకి నెట్టే నౌక సిద్ధమయ్యేలోపే 1979 జులై 11న పడిపోయింది, ముక్కలు హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో రాలాయి. అది మన మీదే పడుతుందని తెలుగు పల్లెల్లో ఎంత భయపడ్డారో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, చెబుతారు. ఏ ఒక్క తుఫానో కాదు దాన్ని దించింది, నెలల తరబడి ఎక్కువగా ఉన్న ఎఫ్10.7. మీ గ్రాఫులో కొమ్ములు కళ్లకు కొట్టొచ్చినట్టు ఉన్నా, ఏడాది మొత్తానికి కూడితే ఎక్కువ ఎత్తు పోగొట్టేది ఆ మెల్లటి గీతే.

తప్పుదోవ పట్టించేవి

కొమ్ము ఒకరోజు ఆలస్యంగానో, రెండు రోజులకు పరుచుకునో కనబడితే కంగారు పడకండి. టీఎల్ఈని చాలా గంటల, ఒక్కోసారి కొన్ని రోజుల కొలతలు కలిపి తయారుచేస్తారు, పదునైన కుదుపు అందులో మొద్దుబారుతుంది.

క్యూబ్‌శాట్ దొర్లడం మొదలుపెడితే లేదా సౌర పలకలు గాలికి అడ్డంగా తిరిగితే సూర్యుడితో పనిలేకుండానే డ్రాగ్ పెరిగిపోతుంది. మూడు ఉపగ్రహాలు తీసుకోమన్నది ఇందుకే. మూడూ ఒకే రోజు కుంగితే గాలి పని, ఒక్కటే కుంగితే దాని సొంత గొడవ.

అలాగే సూర్యుడు మారకపోయినా ఏడాదిలో గాలి తనంతట తాను ఊగుతుంది, ఏప్రిల్, అక్టోబరు చుట్టుపక్కల చిక్కగా, జులైలో పలచగా. కాబట్టి జులై మామూలు రోజులతో అక్టోబరు తుఫానును పోల్చకండి, పోలిక ఎప్పుడూ ఆ నెలలోనే ఉండాలి. కక్ష్య బాగా కోలగా ఉన్నవాటిలో డ్రాగ్ అంతా దగ్గరికొచ్చే చోటే పడుతుంది, పైన చెప్పిన తేలిక లెక్క వాటికి సరిపోదు.

ఏడో పని: రాబోయే తుఫానుకు సిద్ధపడటం

జరిగినదాన్ని చదవడం వచ్చాక జరగబోయేది చూడండి. నోవా వాళ్ల అంతరిక్ష వాతావరణ కేంద్రం మూడు రోజుల కేపీ అంచనా, 27 రోజుల ఎఫ్10.7 అంచనా ఇస్తుంది. ప్లాస్మా ముద్ద బయల్దేరిందని తెలిసిన దగ్గర్నుంచి ఒకటి నుంచి మూడు రోజుల వ్యవధి ఉంటుంది, అయితే అది ఎంత గట్టిగా కొడుతుందన్నది అప్పుడే తేలదు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల ముందు, ఎల్1 అనే చోట కాపలా ఉన్న నౌకలను దాటినప్పుడే తేలుతుంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన ఆదిత్య-ఎల్1 ఉన్నదీ అక్కడే. సౌరగాలి సెకనుకు 500 కిలోమీటర్లతో వస్తే అక్కడి నుంచి ఇక్కడికి 50 నిమిషాలు, 800తో వస్తే 31 నిమిషాలే. ఆ కొద్ది సేపట్లో చూడాల్సిన అంకె బీజెడ్, అంటే సౌరగాలి మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందా దక్షిణానికి ఉందా అన్నది. గంటల తరబడి మైనస్‌లో, అంటే దక్షిణానికి, ఉండిపోతే తుఫాను ఖాయం. ప్లస్‌లో ఉంటే ఎంత వేగంగా వచ్చినా చాలావరకు పక్కకు జారిపోతుంది.

ఉపగ్రహం మీది అయితే, ఇంజిన్ లేకపోయినా చేయగలిగింది ఉంది: పలకల అంచు గాలికి ఎదురుగా వచ్చేలా తిప్పుకోవడం, ఢీకొనే ప్రమాదం గురించి వచ్చే హెచ్చరికలను ఆ రెండు రోజులు పాత అంచనాలతో కాక కొత్త టీఎల్ఈలతోనే చూడటం. తుఫానులో అసలు తలనొప్పి ఎత్తు పోవడం కన్నా ఏది ఎక్కడుందో తెలియకపోవడమే. సగటు చలనంలో 0.001 తేడా పట్టుకోలేకపోతే ఒక రోజు గడిచేసరికి ఉపగ్రహం మీరనుకున్న చోటుకన్నా 43 కిలోమీటర్లు ముందుంటుంది.

యాంటెన్నా పట్టుకునేవాళ్లకూ, డాబా ఎక్కేవాళ్లకూ ఇది నేరుగా తగులుతుంది. 43 కిలోమీటర్లంటే అయిదున్నర సెకన్లు. తుఫాను తర్వాత సాయంత్రం పాత డేటాతో టైమ్ వేసుకుంటే ఉపగ్రహం ముందే వచ్చేస్తుంది, మూడు నాలుగు రోజుల పాతదైతే తేడా ఇంకా వేగంగా పెరుగుతుంది. కాబట్టి కేపీ 7 దాటిన రోజున మీ యాప్‌లో టీఎల్ఈ అప్‌డేట్ నొక్కి, చెప్పిన టైమ్‌కు ఒక నిమిషం ముందే తల పైకెత్తి ఉండండి, స్టాప్‌వాచ్ చేతిలో పెట్టుకుని అది ఎన్ని సెకన్లు ముందొచ్చిందో షీటులో ఇంకో కాలమ్ తెరిచి రాసుకోండి.